క్రికెట్ బంతికీ, పతకాలకూ ఇంట్లోనే ఒక అద్దాల షోకేసు

ఆటల మీద ప్రేమ ఉన్న ఇంట్లో చిన్న చిన్న వస్తువులు వాటంతట అవే పోగవుతాయి. కాలేజీ పోటీల్లో గెలిచినప్పుడు జట్టంతా సంతకాలు చేసిన క్రికెట్ బంతి, జిల్లా స్థాయిలో వచ్చిన పతకం, ఉప్పల్ స్టేడియంలో చూసిన మ్యాచ్ టికెట్టు, ఒకప్పుడు బిగ్ ఫన్ బబుల్ గమ్ పొట్లాల్లో వచ్చిన క్రికెట్ కార్డులు, 1982 ఆసియా క్రీడల స్మారక నాణెం, ఇలాంటివి టీవీ పక్కన ఒకటి, బీరువా అడుగున ఒకటి చొప్పున చెల్లాచెదురుగా ఉంటాయి. వీటన్నిటినీ ఒకచోట, కంటికి కనిపించేలా, చెడిపోకుండా ఉంచే షోకేసును ఇంట్లోనే ఎలా తయారు చేసుకోవచ్చో ఇక్కడ వివరిస్తాను. వడ్రంగం కొద్దిగా తెలిసినవారు రెండు మూడు ఆదివారాల్లో దీన్ని పూర్తి చేయగలరు. కోత పని చేతకాని వారు ఈ కొలతలు రాసి వడ్రంగికి ఇచ్చి, మిగతా పని తాము చేసుకోవచ్చు.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. షోకేసు వస్తువులను చూపించడానికే అని మనం అనుకుంటాం గానీ, దాని మొదటి పని వాటిని కాపాడటం. నేను మొదట చేసిన పెట్టెను ఎండీఎఫ్ చెక్కతో చేసి, లోపల ఎర్రని వెల్వెట్ గుడ్డ అతికించి, అద్దాన్ని మామూలు సిలికాన్‌తో బిగించాను. చూడటానికి ఎంతో అందంగా ఉండేది. రెండు వానాకాలాలు గడిచాక తెరిచి చూస్తే మా నాన్నగారి కబడ్డీ పతకం అంచుల చుట్టూ పచ్చని చిలుము పట్టి ఉంది, దాని తెల్లని రిబ్బను వెనకవైపు వెల్వెట్ రంగు దిగి గులాబీ రంగులోకి మారిపోయింది. ఆ మరక ఇప్పటికీ పోలేదు. గాలి ఆడని చిన్న పెట్టెలో చెక్క, జిగురు, గుడ్డ వదిలే ఆవిర్లు ఎక్కడికీ పోలేక వస్తువుల మీదే పనిచేస్తాయని ఆ తర్వాతే తెలుసుకున్నాను. మ్యూజియాల వారు ఈ విషయాన్ని ఎంతో పట్టించుకుంటారు. బ్రిటిష్ మ్యూజియంలో ఆండ్రూ ఆడీ 1973లో రూపొందించిన పరీక్షలో, షోకేసుకు వాడదలచిన సామగ్రి ముక్కను వెండి, రాగి, సీసం రేకులతో కలిపి, తేమ నిండిన గాజు పాత్రలో 60 డిగ్రీల వేడిలో 28 రోజులు ఉంచి, ఆ రేకులు చెడ్డాయా లేదా అని చూస్తారు. మనకు అంత పరీక్ష అవసరం లేదు, కానీ ఆ పరీక్ష నేర్పిన జాగ్రత్తలను ఇంట్లో కూడా పాటించవచ్చు.

కొలతలు

చెక్క కొనడానికి ముందు వస్తువులను కొలవాలి. పెద్దవారి క్రికెట్ బంతి చుట్టుకొలత నిబంధనల ప్రకారం 22.4 నుంచి 22.9 సెంటీమీటర్లు, అంటే అడ్డంగా దాదాపు 73 మిల్లీమీటర్లకు మించదు. బ్యాడ్మింటన్ ఈకల షటిల్ పైభాగం 58 నుంచి 68 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. టేబుల్ టెన్నిస్ బంతి దాదాపు 40 మిల్లీమీటర్లు. మామూలు పతకాలు రెండున్నర అంగుళాలకు అటూ ఇటూగా ఉంటాయి గానీ, వాటి రిబ్బను పొడవును మరచిపోకూడదు. ఇందులో లోతును నిర్ణయించేది క్రికెట్ బంతి ఒక్కటే. బంతికి వెనక, ముందు కొంత ఖాళీ ఉండేలా లోపల 90 మిల్లీమీటర్ల లోతు వస్తే చాలు. అంతకన్నా లోతు పెంచితే వెనక వరుసలో ఇంకేదో పెట్టాలనిపిస్తుంది, అప్పుడు ముందున్నది వెనక ఉన్నదాన్ని కప్పేస్తుంది.

ఈ లెక్కన నేను ఎంచుకున్న పెట్టె బయటి కొలత 600 మిల్లీమీటర్ల వెడల్పు, 450 ఎత్తు. చట్రానికి 12 మిల్లీమీటర్ల మందం, 100 వెడల్పు గల టేకు పలకలు కావాలి. నిలువు పక్కలు రెండు, ఒక్కొక్కటి 450 పొడవు. పైదీ కిందదీ కలిపి రెండు, ఒక్కొక్కటి 576 పొడవు. ఇవి పక్క పలకల మధ్యలో ఇముడుతాయి. వెనక భాగానికి 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ 588 × 438 కొలతలో సరిపోతుంది. లోపల రెండు గాజు అరలు వస్తాయి, ఒక్కొక్కటి 5 మిల్లీమీటర్ల మందంతో 572 × 85. అరలు బిగించాక కింది గదికి 110, మధ్య గదికి 130, పై గదికి 176 మిల్లీమీటర్ల ఎత్తు మిగులుతుంది. కింద బంతులు, మధ్యలో కార్డులు, షటిళ్లు, నాణేలు, పైన వేలాడే పతకాలు అన్నది దీని వెనక ఉన్న ఆలోచన. బరువైన బంతులు కింద ఉండటమే మంచిది.

చెక్క, జిగురు, గుడ్డ

టేకును నేను రెండు కారణాల వల్ల కోరుకుంటాను. వానాకాలంలో తేమను పీల్చి ఉబ్బడం, ఎండాకాలంలో ముడుచుకోవడం మిగతా కలపల కన్నా దీనికి తక్కువ. పైగా తలుపు బందుల స్క్రూలను 12 మిల్లీమీటర్ల అంచులో కూడా ఇది గట్టిగా పట్టుకుంటుంది, ప్లైవుడ్ అంచు అలా పట్టుకోదు, పొరలు విడిపోతుంది. కొత్త టేకు ఖరీదు ఎక్కువ అనుకుంటే, పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే ద్వారబంధాలు, కిటికీ రెక్కలు, పట్టె మంచాల పట్టెలు పాత కలప అమ్మేచోట దొరుకుతాయి. దశాబ్దాలపాటు ఆరిన ఆ చెక్క ఇక వంకర పోదు. సామిల్లులో దాన్ని పలకలుగా కోయించే ముందు పాత మేకులన్నీ పీకేయాలి, లేకపోతే రంపం పాడవుతుంది. వెనక ప్లైవుడ్‌కు నీటిని తట్టుకునే రకాన్ని అడిగి తీసుకోవాలి, ఎండీఎఫ్‌ను మాత్రం వాడవద్దు.

ఎంత మంచి కలపైనా కొంత ఆమ్లపు ఆవిరి వదులుతూనే ఉంటుంది. అందుకని పెట్టె లోపలి వైపు అంతటా నీటితో కలిపే రకం పాలీయురేతేన్ వార్నిష్ రెండు పూతలు వేయాలి. ప్లైవుడ్ లోపలి ముఖం మీద, దాని నాలుగు అంచుల మీద అల్యూమినియం రేకు అతికిస్తే ఇంకా మంచిది. వంటింట్లో రొట్టెలు చుట్టే రేకు చాలు, ముడతలు పడితే బాధ లేదు, చిరగకుండా చూసుకోవాలి. రేకు ఆవిరిని ఆపుతుంది, వార్నిష్ దాన్ని తగ్గిస్తుంది.

జిగురు విషయంలో చెక్క కీళ్లకు మామూలు తెల్లని ఫెవికాల్ సరిపోతుంది, ఎందుకంటే కీలు లోపలే ఉండి ఆరిపోతుంది. అద్దం దగ్గర, లోపలి భాగాల దగ్గర మాత్రం ఫెవిక్విక్ లాంటి క్షణాల్లో అతుక్కునే జిగురు వాడకూడదు. దాని ఆవిరి దగ్గరలోని అద్దం మీద, ప్లాస్టిక్ మీద తెల్లని పొరలా పేరుకుంటుంది. సిలికాన్ అవసరమైతే, వెనిగర్ వాసన వచ్చే రకాన్ని కాకుండా న్యూట్రల్ రకాన్ని అడగాలి. ఆ వెనిగర్ వాసనే ఎసిటిక్ ఆమ్లం, నా మొదటి పెట్టెలో పతకానికి చిలుము పట్టించిన వాటిలో అది కూడా ఒకటని నా నమ్మకం.

గుడ్డకు రంగు వేయని తెల్లని ఖద్దరును మించినది లేదు. కొన్న గుడ్డను మూడుసార్లు వేడినీళ్లలో ఉతికి గంజి పూర్తిగా పోగొట్టాలి, గంజి ఉంటే వెండిచేపల పురుగులు చేరతాయి. రంగు గుడ్డే కావాలనుకుంటే, తడిపిన తెల్లని గుడ్డతో గట్టిగా రుద్ది చూసి, ఏ మాత్రం రంగు దిగినా వదిలేయాలి. ఉన్ని గుడ్డలో గంధకం ఉంటుంది కనుక వెండి పూత ఉన్న పతకాలను అది నల్లబరుస్తుంది, దాన్ని వాడవద్దు.

కోత, కూర్పు

పలకలకు చిత్రిక పట్టి, మూలమట్టంతో చివరలు సరిచూసి, నాలుగు ముక్కలనూ కోశాక, వెనక ప్లైవుడ్ కూర్చోవడానికి ప్రతి పలక లోపలి వెనక అంచున 6 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల లోతు గల మెట్టు తీయాలి. పక్క పలకల్లో ఈ మెట్టును చివరిదాకా తీయకుండా, పైనా కిందా 6 మిల్లీమీటర్ల ముందే ఆపేసి, మూలను ఉలితో చదును చేస్తే బయటికి సందు కనిపించదు. మెట్టు తీసే పనిముట్టు లేనివారు ప్లైవుడ్‌ను 600 × 450గా కోసి వెనక నుంచి నేరుగా బిగించవచ్చు. బలం ఏమీ తగ్గదు, పక్క నుంచి చూస్తే ప్లైవుడ్ అంచు కనిపిస్తుంది, అంతే.

చట్రం అతికించక ముందే అరల పిన్నులకు రంధ్రాలు వేయాలి. బిగించిన పెట్టెలో డ్రిల్లు తిరగదు. పక్క పలకల లోపలి వైపున, కింది పలక పైభాగం వచ్చే గీత నుంచి 110 మిల్లీమీటర్ల ఎత్తున ఒక జత, 245 ఎత్తున ఒక జత గుర్తించి, 5 మిల్లీమీటర్ల మందపు పిన్నులకు 8 మిల్లీమీటర్ల లోతున రంధ్రాలు చేయాలి. పిన్ను మధ్యలో కాక దాని పైభాగం మీద గాజు కూర్చుంటుంది కనుక రంధ్రం కేంద్రాన్ని రెండున్నర మిల్లీమీటర్లు కిందికి గుర్తించాలి. పలక మందం 12 మాత్రమే, కాబట్టి డ్రిల్లు బిట్టుకు 8 మిల్లీమీటర్ల దగ్గర టేపు చుట్టి పెట్టుకుంటే అవతలికి రంధ్రం పడదు. లోపలి వార్నిష్ కూడా ఈ దశలోనే వేసి ఆరనివ్వాలి, కీళ్లు కలిసే చోట మాత్రం పూయకూడదు, జిగురు పట్టదు.

తర్వాత మూలలకు జిగురు పూసి, ఒక్కో మూలకు రెండేసి స్క్రూలు బిగించాలి. స్క్రూ వేసే ముందు సన్నని బిట్టుతో దారి చేయకపోతే పలక చివర చీలుతుంది. చట్రం చదరంగా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవాలి. రెండు కొలతలూ సమానమైతే సరే, తేడా ఉంటే పొడవున్న వైపు మూలలను నెమ్మదిగా నొక్కి సరిచేయాలి. ఆ వెంటనే వెనక ప్లైవుడ్‌ను బిగిస్తే చట్రం ఇక కదలదు.

తలుపుకు 35 × 18 మిల్లీమీటర్ల టేకు బీడింగ్‌ను మూలల్లో 45 డిగ్రీల కోతతో కలిపి, బయటి కొలత 600 × 450 వచ్చేలా చేయాలి. అద్దం కూర్చునే మెట్టు 8 మిల్లీమీటర్లు ఉంటే, 4 మిల్లీమీటర్ల అద్దాన్ని 544 × 394 కొలతకు కోయించాలి. మెట్టు కొలత కన్నా ఇది 2 మిల్లీమీటర్లు తక్కువ, చెక్క వానాకాలంలో కదిలినా అద్దం పగలకుండా ఆ ఖాళీ కాపాడుతుంది. ఈ అద్దం ఒక్కటే రెండు కిలోలకు పైగా ఉంటుంది కాబట్టి తలుపుకు రెండంగుళాల బందులు మూడు వేయడం మంచిది. తలుపు మూసే అంచున సన్నని సిలికాన్ పట్టీ అతికిస్తే దుమ్ము రాదు. పిల్లలున్న ఇంట్లో చిన్న తాళం కూడా పెట్టాలి. అర గాజుల అంచులు గాజు కోసే చోటే నూరించుకోవాలి, లేకపోతే దుమ్ము తుడిచే ప్రతిసారీ వేళ్లు తెగుతాయి.

అద్దానికి బదులు యాక్రిలిక్ వాడవచ్చా అని చాలామంది అడుగుతారు. అది తేలిక, పగలదు. కానీ గీతలు తొందరగా పడతాయి, దుమ్మును లాక్కుంటుంది, స్పిరిట్ ఉన్న ద్రవాలతో తుడిస్తే సన్నని పగుళ్లు వస్తాయి. చిన్నపిల్లల గదిలో అయితే యాక్రిలిక్, హాలులో అయితే గాజు అన్నది నా అభిప్రాయం.

చివరగా, 3 మిల్లీమీటర్ల యాక్రిలిక్ పలకను 572 × 422కు కోయించి, దాని చుట్టూ ఖద్దరును బిగువుగా లాగి, వెనకవైపు రెండు పక్కలా అంటుకునే టేపుతో పట్టించి, దాన్ని రేకు అతికించిన ప్లైవుడ్ ముందు నిలబెట్టాలి. దాన్ని అతికించవద్దు, మాసినప్పుడు తీసి ఉతుక్కోవచ్చు.

పని పూర్తయిన రోజే వస్తువులను సర్దాలని చేతులు ఆత్రపడతాయి. వార్నిష్, జిగురు పూర్తిగా ఆరి వాసన పోయేదాకా కనీసం మూడు వారాలు తలుపు తెరిచి ఖాళీగా ఉంచాలి. ఆ తర్వాత ఒక రాత్రంతా తలుపు మూసి ఉంచి, ఉదయం తెరిచి ముక్కు పెట్టి చూడాలి. వాసన వస్తే మరో వారం ఆగాలి.

ఎక్కడ, ఎలా తగిలించాలి

కిటికీ ఎదురుగోడ వద్దు, పడమటి ఎండ తగిలే బయటి గోడ వద్దు, స్నానాల గది అవతలి గోడ అసలే వద్దు. మామూలు అద్దం అతినీలలోహిత కిరణాలను కొంతవరకే ఆపుతుంది, మిగిలినవి లోపలికి వచ్చి సంతకాల సిరాను వెలవెలబోయేలా చేస్తాయి. కాగితం, సిరా లాంటి సున్నితమైన వస్తువుల మీద వెలుగు 50 లక్స్‌కు మించకూడదని మ్యూజియాలు నియమం పెట్టుకుంటాయి, పగటిపూట మన హాలులో కిటికీ దగ్గర వెలుగు దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. పూజ గదికి దగ్గరగా కూడా తగిలించవద్దని చెబుతాను, కర్పూరం, అగరువత్తుల పొగ మసి ఎంత బిగువైన తలుపు సందులోంచైనా నెమ్మదిగా లోపలికి చేరుతుంది.

వస్తువులతో కలిపి పెట్టె సుమారు 10 కిలోలు తూగుతుంది. దీన్ని రెండు మేకులకు వేలాడదీయడం ప్రమాదం. 18 మిల్లీమీటర్ల మందపు టేకు పట్టీని పొడవునా 45 డిగ్రీల వాలులో రెండుగా కోసి, ఒక సగాన్ని వాలు గోడవైపు పైకి చూసేలా గోడకు నాలుగు ప్లగ్గులు, స్క్రూలతో బిగించి, రెండో సగాన్ని పెట్టె వెనక తలకిందులుగా చట్రానికి బిగిస్తే, పెట్టె గోడ పట్టీ మీద కొక్కెంలా కూర్చుంటుంది. కింద కూడా అదే మందపు చిన్న పట్టీ ముక్కలు వేయాలి. దీనివల్ల గోడకూ పెట్టెకూ మధ్య 18 మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. వానాకాలంలో గోడ చెమ్మ చెక్కకు తగలదు, చెదలు మట్టి గూడు కట్టుకుంటూ వస్తే టార్చి వేసి చూడగానే తెలిసిపోతుంది.

లోపల దీపం కావాలంటే సన్నని ఎల్‌ఈడీ పట్టీని ముందు అంచున వేసి, అడాప్టరును పెట్టె బయట ఉంచాలి. వేడి పుట్టించే హాలోజెన్ బల్బులు వద్దు. అతిథులు వచ్చినప్పుడు మాత్రమే వెలిగించడం అలవాటు చేసుకోవాలి.

వస్తువులను అమర్చడం

బంతి దొర్లకుండా నిలబెట్టడానికి నేను ఎన్నో రకాల ఆధారాలు చూసి, చివరికి పసిపిల్లల చేతి గాజు దగ్గర ఆగాను. 1.4 సైజు గాజు లోపలి వెడల్పు ఒకటింపావు అంగుళం, అంటే దాదాపు 32 మిల్లీమీటర్లు. దాని మీద క్రికెట్ బంతిని పెడితే అడుగు భాగం నాలుగు మిల్లీమీటర్ల లోతుకు దిగి, కదలకుండా కూర్చుంటుంది. ఐదు మిల్లీమీటర్ల మందం ఉన్న, మెరుపులు పూయని గాజును ఎంచుకుంటే బంతి కింద అది దాదాపు కనిపించదు కూడా. కుట్టు వాలుగా, సంతకం కొద్దిగా పక్కకు ఉండేలా బంతిని తిప్పుకోవచ్చు. పాత బంతికి పాలిష్ పెట్టవద్దు, మైదానపు మట్టి మరకలతోనే ఉంచండి. మెత్తని బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు.

పతకాలను చింతపండుతోనో, పీతాంబరి పొడితోనో తోమడం మన ఇళ్లలో అందరూ చేసే పొరపాటు. ఒలింపిక్ బంగారు పతకం సైతం లోపల వెండే, పైన కనీసం 6 గ్రాముల బంగారు పూత ఉంటుంది. జిల్లా పోటీల పతకాల మీద పూత అంతకంటే ఎంతో పలచన, రెండుసార్లు తోమితే కింది లోహం బయటపడుతుంది. పొడి మెత్తని గుడ్డతో తుడిచి, స్టెయిన్‌లెస్ స్టీలు కొక్కేలకు తగిలించి, పొడవైన రిబ్బనును వెనక్కి మడిచి 70 మిల్లీమీటర్లు మాత్రమే కనిపించేలా చేయాలి. 90 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున ఆరు పతకాలు ఒకదానికొకటి తగలకుండా పడతాయి.

కార్డులను, టికెట్లను మెత్తటి పీవీసీ కవర్లలో పెట్టకూడదు, కొన్నాళ్లకు ఆ ప్లాస్టిక్ జిగటగా మారి సిరాను లాక్కుంటుంది. పాలీప్రొపిలీన్ కవర్లు స్టేషనరీ దుకాణాల్లోనే దొరుకుతాయి. ఈ మధ్యకాలపు టికెట్లు చాలావరకు థర్మల్ కాగితం మీద ముద్రించినవి, వాటి మీది అక్షరాలు వెలుగుకూ వేడికీ వాటంతట అవే మాసిపోతాయి. వాటికి రంగు నకలు తీసి నకలును షోకేసులో పెట్టి, అసలును చీకటి డబ్బాలో దాచడమే మేలు.

ఈకల షటిల్‌లో పురుగు గుడ్లు ఉండే అవకాశం ఉంది. దాన్ని జిప్ కవరులో గాలి లేకుండా మూసి, డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచి, తీశాక ఒక రోజంతా కవరు తెరవకుండా గది వేడికి రానిచ్చి, అప్పుడు లోపల పెట్టాలి. పురుగుల భయంతో కలరా ఉండలు మాత్రం షోకేసులో వేయవద్దు, వాటి ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది, చల్లబడినప్పుడు అద్దం మీద స్ఫటికాలుగా పేరుకుంటుంది.

తేమ సంగతి చూద్దాం. అరచేయంత డిజిటల్ తేమ మీటరును మధ్య గది మూలలో ఉంచితే లోపలి పరిస్థితి ఎప్పటికప్పుడు తెలుస్తుంది. 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు, 65 దాటితే తోలు బంతి మీద తెల్లని బూజు మొదలవుతుంది. విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో ఏడాదిలో ఎక్కువ భాగం ఈ బెడద ఉంటుంది. తెలంగాణలో అయితే జూన్ నుంచి సెప్టెంబరు దాకా చూసుకుంటే చాలు. నారింజ రంగు సిలికా జెల్‌ను రెండు చిన్న గుడ్డ సంచుల్లో పోసి కింది గది మూలల్లో పెట్టాలి. అది ఆకుపచ్చగా మారితే తేమతో నిండిందని అర్థం, సంచుల్లోంచి తీసి ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెడితే మళ్లీ నారింజ రంగుకు వస్తుంది. నీలం రంగుది కొనవద్దు, అందులో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, ఆరోగ్యానికి మంచిది కాదు.

ప్రతి వస్తువు వెనకా ఒక చిన్న కాగితం మీద అది ఎప్పటిది, ఎవరిది, ఏ మ్యాచ్‌లోది అన్నది పెన్సిల్‌తో రాసి పెట్టండి. పెన్సిల్ రాత వెలవెలబోదు, తడిసినా అలుక్కుపోదు. మా నాన్నగారి పతకం వెనక ఆ ఊరి పేరు, ఆ సంవత్సరం నేను ఆయన్ను అడిగి ఆయన చేతనే రాయించాను.